చంకలో బిళ్ల, ఇంట్లో పిల్లి

పిల్లి కరిచిందనో రక్కిందనో చెబితే మన వైపు ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట ‘సూది వేయించుకున్నావా?’ అని. ఆ సూది రేబిస్‌కి. వేయించుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. చిక్కంతా ఆ సూది పడ్డాక పిల్లి సంగతి అయిపోయిందనుకోవడంలో ఉంది. రేబిస్ వైరస్ వల్ల వస్తుంది, ఆ టీకా దానికే పనిచేస్తుంది. పిల్లి నోట్లోనూ గోళ్ల సందుల్లోనూ ఉండే బ్యాక్టీరియా జోలికి అది పోదు. నిజానికి పిల్లి కాటు పడ్డవాళ్లలో రేబిస్ వచ్చేవాళ్లు చాలా అరుదు, చెయ్యి వాచి చీము పట్టేవాళ్లు మాత్రం బోలెడు. అరుదైనదానికి అందరూ పరుగెడతారు, తరచూ వచ్చేదాన్ని ‘రెండ్రోజుల్లో అదే తగ్గుద్దిలే’ అని వదిలేస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిల్లిని ‘పెంచుకోవడం’ అనే మాటే కొత్త. పిల్లి ఉంటుంది, అంతే. ధాన్యం బస్తాలున్న గదిలో ఎలుకలు తిరక్కుండా చూస్తుందని దాన్ని ఎవరూ తరమరు, రాత్రి మిగిలిన అన్నంలో కాసిన్ని పాలు పోసి పెడతారు, అది ఆ ఇంటిదీ అవుతుంది, పక్కింటిదీ అవుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో అయితే ముసలమ్మ కత్తిపీట వేసుకుని కవళ్ల చేపలు తోముతున్నంతసేపూ నాలుగు పిల్లులు కాళ్ల చుట్టూ తిరుగుతుంటాయి, తలకాయ ముక్క విసిరేలోపే చేతి మీదికి పంజా విసురుతాయి. మరోపక్క టౌన్లలో, అపార్టుమెంట్లలో పర్షియన్ పిల్లులొచ్చాయి, వాటికి ప్యాకెట్ తిండి, ఇసక ట్రే, ఇన్‌స్టాలో ఓ పేజీ. బ్యాక్టీరియాకి ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. మెడలో గంట కట్టిన పిల్లి నోట్లోనూ అవే క్రిములు.

వాటిలో తొందరగా దెబ్బతీసేది పాశ్చురెల్లా మల్టోసిడా. లూయీ పాశ్చర్ కోళ్ల కలరా మీద పరిశోధన చేసింది దీంతోనే, అందుకే ఆయన పేరు పెట్టారు. నూటికి 70 నుంచి 90 పిల్లుల నోట్లో ఇది మామూలుగానే కాపురముంటుంది, పిల్లికి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు. పేరు వినడానికి కొత్తగా ఉంది గానీ మన రైతులకి ఈ క్రిమి పాతదే. వానాకాలం ముందు గేదెలకీ ఆవులకీ గొంతువాపు టీకా వేయిస్తారు చూడండి, గురక వ్యాధి అని కూడా అంటారు, తెల్లారేసరికి పశువు గొంతు వాచి పడిపోతుందే, ఆ జబ్బుకి కారణం ఈ జాతి బ్యాక్టీరియానే, కాకపోతే రకం వేరు. పిల్లి కరిస్తే గేదె జబ్బు వస్తుందని కాదు దీని అర్థం. ఎంత వేగంగా పనికానిచ్చే క్రిమో తెలియడానికి చెప్పుకోవాలి, అంతే.

కుక్క కాటు చూడ్డానికే భయంగా ఉంటుంది. చర్మం చీలుతుంది, రక్తం కారుతుంది, ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి బయల్దేరతారు. పిల్లి కాటు చూస్తే ఏముంటుంది, రెండు చుక్కలు, కుట్టుసూది గుచ్చుకున్నట్టు. ఐదు నిమిషాల్లో రక్తం ఆగిపోతుంది, కాసేపటికి పైన చర్మం మూసుకుంటుంది. మోసమంతా అక్కడే. పిల్లి కోర సన్నగా, పొడుగ్గా, కొనదేలి ఉంటుంది కాబట్టి అది ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఎంగిలిని లోతుకి దింపుతుంది, వెళ్లిన దారి వెంటనే మూసుకుపోతుంది, ఇక నీళ్లు పోసి కడిగినా సబ్బు రుద్దినా లోపలిదాకా చేరడం కష్టం. అందులోనూ పిల్లి ఎక్కువగా కరిచేది చేతినే. వేళ్ల దగ్గర కండ ఎంత ఉంటుంది? చర్మం కిందే కీళ్లు, ఎముక, వేలిని ముడిచి తెరిచే తాళ్లు, ఆ తాళ్లకి గొట్టం లాంటి తొడుగులు. ఆ తొడుగులోకి ఒక్కసారి క్రిమి దూరిందంటే వేలి కొస నుంచి అరచేతి దాకా దానికి రోడ్డు వేసినట్టే. కుక్క కాట్లలో చీము పట్టేవి తక్కువ, పిల్లి కాట్లలో నూటికి 30 నుంచి 50 దాకా చీము పడతాయని వైద్య పుస్తకాల లెక్క.

ఇక వేగం. సాయంత్రం దీపాలవేళ కరిచిందనుకుంటే పడుకునేసరికి సలుపు మొదలవుతుంది, పొద్దున్న చూస్తే ఎర్రగా, వేడిగా, చెయ్యి పెట్టనివ్వకుండా ఉంటుంది, ఆ రెండు చుక్కల్లోంచి పలచటి రసి కారుతుంది. ఒక రోజు తిరక్కుండా ఇంత వాపొస్తే డాక్టర్లు మొదట అనుమానించేది పాశ్చురెల్లానే. రెండు మూడు రోజులాగి మొదలయ్యే చీములో మన చర్మం మీద ఉండే మామూలు స్టాఫ్, స్ట్రెప్ క్రిముల వాటా ఎక్కువ. ఎర్రటి చార చెయ్యి పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా, ముఖ్యంగా వేలు మొత్తం బూరెలా ఉబ్బి కాస్త వంగి ఉండిపోయి దాన్ని ఎవరైనా చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా అది మాత్రలతో ఇంట్లో తేలే వ్యవహారం కాదు, ఆ రోజే సర్జన్ చూడాలి. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు చేతి మీద పిల్లి కాటుతో వచ్చిన 193 మంది రికార్డులు తీసి 2014లో ప్రచురిస్తే అందులో 57 మందిని ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వచ్చిందని తేలింది. రెండు చుక్కల గాయానికి!

అంత నొప్పిలో మనవాళ్లు చేసే మొదటి పని మెడికల్ షాపుకి వెళ్లడం. ‘చెయ్యి వాచింది, ఏదైనా ఇవ్వండి’ అంటారు. పిల్లి మాట చెప్పరు, చెప్పినా అవతలివాళ్లు ఏదో ఒక యాంటీబయాటిక్, దాంతో ఒక నొప్పి మాత్ర చుట్టి ఇస్తారు. మామూలు కురుపులకీ పుళ్లకీ బాగానే పనిచేసే సెఫలెక్సిన్, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ లాంటివి ఈ పాశ్చురెల్లా మీద సరిగా పనిచేయవు. డాక్టర్లు సాధారణంగా రాసేది అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపిన మాత్ర, పెన్సిలిన్ పడనివాళ్లకి వేరే మందులు చూస్తారు. అంటే మూడు రోజులు మందు వేసుకున్నా తగ్గలేదంటే మందు వేసుకోనట్టే లెక్క, ఆ మూడు రోజులూ క్రిమికి కలిసొచ్చినట్టు. నొప్పి మాత్ర ఇంకో రకం మోసం చేస్తుంది: సలుపు తగ్గిస్తుంది, చీము తగ్గించదు, మనిషికి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

గాయం మీద పసుపు అద్దడం, సున్నం పూయడం, కాఫీపొడి కూరడం కూడా ఇదే తీరు; ఉన్న కాస్త దారినీ మూసేస్తాయి. కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగడం వీటన్నిటికన్నా మేలు, రేబిస్‌కీ ఇదే మొదటి వైద్యం. 15 నిమిషాలంటే గడియారం చూసి కడగాలి, లేకపోతే అందరూ నిమిషంలో ముగించేస్తారు. పిల్లి గుచ్చిన గాయానికి మామూలుగా కుట్లు వేయరు, బిగించి కట్టు కట్టరు. టెటనస్ సూది వేయించుకుని ఏళ్లయితే అదీ వేస్తారు.

రేబిస్ టీకా సంగతి ఎక్కువమందికి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో: ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు, రక్తం వచ్చేలా కరిచినా రక్కినా దాంతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాల మందు) కూడా ఇవ్వాలి. పిల్లిని 10 రోజులు గమనించమంటారు గానీ ఆ పది రోజులూ టీకా ఆపి కూర్చోమని కాదు.

ఇప్పుడు నిదానంగా వచ్చేది. అసలు ఈ వ్యాసం దాని కోసమే.

తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి అనుకోండి. అటక మీద ఈనిన పిల్లి పిల్లల్లో ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని ఆడిస్తుంటే అది ముంజేతి మీద రక్కింది. చిన్న గీత, మర్నాటికి ఎండిపోయింది. వారం పది రోజులకి ఆ గీత పక్కన దోమ కుట్టినట్టు ఒక ఎర్రటి పొక్కు లేచింది, దాన్నెవరూ పట్టించుకోలేదు. ఇంకో రెండు వారాలకి చంకలో బిళ్ల కట్టింది. ముందు గోలీ అంత, తరవాత నిమ్మకాయంత. ముట్టుకుంటే నొప్పి, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం, తిండి సహించకపోవడం. ఇంట్లోవాళ్లకి టెన్షన్ మొదలైంది. బిళ్ల ఎందుకు కట్టిందని అందరూ ఆలోచిస్తారు గానీ నెల కిందటి గీత ఎవరికి గుర్తుంటుంది? గీత మానిపోయింది, పిల్లిపిల్ల కూడా ఇంట్లో లేదు.

దీన్ని క్యాట్ స్క్రాచ్ డిసీజ్ అంటారు, తెలుగులో చెప్పాలంటే పిల్లి రక్కుడు జ్వరం. చేసేది బార్టోనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా. చేతి మీద రక్కితే చంకలో, కాలి మీద రక్కితే గజ్జల్లో, ముఖం మీద రక్కితే చెవి ముందో మెడలోనో బిళ్లలు కడతాయి, ఎందుకంటే ఆ భాగం నుంచి వచ్చే క్రిములకి మొదటి చెక్‌పోస్టు ఆ బిళ్లే. పిల్లలకీ చిన్నవయసువాళ్లకీ ఎక్కువ వస్తుంది, పిల్లికూనలతో ఆడేది వాళ్లే కదా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి చాలాసార్లు రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. అజిత్రోమైసిన్ ఐదు రోజులు వాడితే బిళ్ల తొందరగా చిన్నదవుతుంది. కొందరికి బిళ్లలో చీము పడుతుంది, అప్పుడు కూడా కోసి వదిలేస్తే ఆ కన్నం నెలల తరబడి మానక కారుతూ ఉండొచ్చు కాబట్టి సూదితో లాగి తీస్తారు.

తగ్గిపోయే జబ్బే అయితే ఇంత గొడవ ఎందుకు? ఎందుకంటే మన దేశంలో మెడలోనో చంకలోనో నెలరోజులుగా బిళ్ల, సాయంత్రం జ్వరం, తిండి సహించకపోవడం అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టీబీ. గుర్తురావాలి కూడా. ప్రపంచంలో వచ్చే టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఇక్కడే, అలాంటి చోట బిళ్లని చూసి టీబీ అనుకోని డాక్టరుంటే అది తప్పవుతుంది. బిళ్లలోకి సూది పెట్టి నాలుగు కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్షలో టీబీకీ దీనికీ రెంటికీ గ్రాన్యులోమా అనే గూళ్లే కనిపించొచ్చు. దీంట్లో ఆ గూళ్ల మధ్య చీము కణాలు నక్షత్రం ఆకారంలో పేరుకుంటాయి, టీబీలో జున్నులాంటి పదార్థం ఉంటుంది, చూసే కన్ను ఉంటే తేడా పడుతుంది; ఆ నాలుగు కణాల్లో నక్షత్రం రాకపోతే లేదు. టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష నెగటివ్ వచ్చినా బిళ్ల టీబీలో అలా రావడం మామూలే కాబట్టి దాన్నిబట్టి టీబీ కాదనలేరు. బార్టోనెల్లాని పట్టే రక్తపరీక్ష వీధి చివర ల్యాబులో దొరికేది కాదు, ఆ క్రిమిని ల్యాబులో పెంచాలంటే వారాలు పడుతుంది. కొన్నిసార్లు ఇలాంటి సందిగ్ధంలో ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టాల్సి వస్తుంది. ఆ మందులు వాడుతుండగా బిళ్ల తగ్గుతుంది కూడా, దానంతటదే తగ్గే జబ్బు కదా, పేరు మాత్రం మందులకి వస్తుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పుకోవాలి. ఇది చదివి టీబీ మందులు వాడుతున్నవాళ్లు ‘మా ఇంట్లో పిల్లి ఉంది, నాది అదే అయ్యుంటుంది’ అని ఆపేస్తే అంతకన్నా పెద్ద తప్పు ఉండదు. పిల్లి ఉన్న ఇంట్లో టీబీ రాదని ఎక్కడా రాసిపెట్టి లేదు. తేల్చాల్సింది డాక్టరు. కాకపోతే తేల్చడానికి కావలసిన ఒక ముక్క మాత్రం రోగి దగ్గరే ఉంది, ఏ మెషీనూ అది చెప్పలేదు.

ఈ జబ్బుని పట్టుకోవడానికి సైన్సుకే చాలా కాలం పట్టింది. పారిస్‌లో పిల్లల డాక్టరు రొబేర్ దెబ్రే 1950లో దీన్ని పిల్లి గోళ్ల జబ్బుగా వర్ణించాడు, ఏ క్రిమి చేస్తోందో మాత్రం తేలలేదు. 1983లో అమెరికా సైనిక పాథాలజీ సంస్థలో వెండి రంగు వేసి చూసినప్పుడు బిళ్లల్లో సన్నటి క్రిములు మొదటిసారి కంటపడ్డాయి, తరవాత కొన్నేళ్లు వేరే బ్యాక్టీరియాని దోషిగా నిలబెట్టారు, 1992కి గానీ అసలు దొంగ బయటపడలేదు. ఆ ‘హెన్సెలే’ అనేది కూడా డయాన్ హెన్సెల్ అనే ల్యాబ్ టెక్నాలజిస్టు పేరు మీద వచ్చిందే. నలభై ఏళ్లు నిపుణులకే దొరకని క్రిమి పీహెచ్‌సీ ఓపీలో రెండు నిమిషాల్లో తేలకపోతే ఎవర్ని తప్పుపడతాం?

ఇందులో విచిత్రమేంటంటే అసలు నేరం పిల్లిది కాదు, పిల్లి ఒంటి మీది పురుగుది. ఫ్లీ అంటారు. నువ్వుగింజంత ఉంటుంది, ముదురు గోధుమ రంగు, పక్కల నుంచి నొక్కేసినట్టు పలచగా ఉండి వెంట్రుకల మధ్య జారిపోతుంది, రెక్కలుండవు, గెంతుతుంది. అది ఒక పిల్లి రక్తం తాగి బార్టోనెల్లాని కడుపులో వేసుకుంటుంది, ఇంకో పిల్లి మీద కూర్చుని రెట్ట వేస్తుంది. దురద పుట్టి పిల్లి గోక్కుంటుంది, ఆ రెట్ట గోళ్ల సందుల్లోకి చేరుతుంది. ఆ గోరు మన చర్మాన్ని గీరినప్పుడు గోరుతోపాటు ఆ మురికీ లోపలికి పోతుంది. దారి అంతే. పిల్లికి జ్వరం లేదు, నీరసం లేదు, చక్కగా ఆడుకుంటూ ఉంటుంది, నెలల తరబడి దాని రక్తంలో క్రిమి తిరుగుతూనే ఉంటుంది. వేడీ ఉక్కా ఉన్న చోట్ల ఫ్లీలు ఎక్కువ, అక్కడి పిల్లుల్లో ఈ బ్యాక్టీరియా కూడా ఎక్కువ. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న తీరానికి ఆ రెంటికీ కొదవ లేదు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. ఏడో ఆరో గానీ తిప్పడం నిజం. అటక మీద ఈనుతుంది, వారానికి పక్కింటి ధాన్యం గదిలోకి మారుస్తుంది, అక్కణ్నుంచి వాళ్ల గడ్డిమేటులోకి. మారిన ప్రతి చోటా ఫ్లీ గుడ్లు రాలిపోతాయి, ఎందుకంటే ఆ గుడ్లు పేను గుడ్లలా వెంట్రుకకి అంటుకుని ఉండవు, ఉప్పు జల్లినట్టు కింద పడతాయి. పిల్లి పడుకున్న గోనెపట్టాలో, పెంకుటింటి మట్టినేల పగుళ్లలో, మంచం కింది దుమ్ములో అవి పొదిగి, గూడు కట్టుకుని, వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉండిపోతాయి. అడుగుల చప్పుడు, ఒంటి వేడి తగిలినప్పుడు బయటికొస్తాయి. మూసిన ఇల్లు తెరిచి లోపలికి వెళ్లగానే పిక్కల మీద చిటుక్కుమని కుట్టేవి చాలాసార్లు ఇవే.

మన దగ్గర పిల్లి బెడద ఎక్కువైతే దాన్ని సంచిలో వేసి మూతి కట్టి బండి మీద పట్టుకెళ్లి పొరుగూరి చెరువు గట్టున వదిలేసి వస్తారు. పాపం సంగతి పక్కనపెట్టినా ఇది తెలివైన పని కాదు. పిల్లి పోతుంది, గోనెపట్టాలోని ఫ్లీలు పోవు. ఇన్నాళ్లూ వాటికి పిల్లి ఉంది, ఇప్పుడు మనమే ఉన్నాం. పైగా ఎలుకలు మళ్లీ వస్తాయి, ఎలుక ఉచ్చతో వచ్చే లెప్టోస్పైరోసిస్ వరిచేలల్లో పనిచేసేవాళ్లకి పిల్లి రక్కుడు కన్నా చాలా పెద్ద ముప్పు.

మీ పిల్లికి ఫ్లీలు ఉన్నాయో లేదో చూడ్డానికి డబ్బు ఖర్చులేని పద్ధతి ఒకటుంది. తెల్ల గుడ్డ ఒకటి తడిపి పరవండి, పిల్లిని దాని మీద నిలబెట్టి తోక మొదట్లో, నడుం మీద పేల దువ్వెనతో వెంట్రుకలకి ఎదురు దువ్వండి. మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు రాలతాయి. మట్టి అయితే నల్లగానే ఉంటుంది. అర నిమిషం తరవాత ఆ నలుసు చుట్టూ తుప్పురంగులో ఎర్రగా వ్యాపిస్తే అది రక్తం, అంటే ఫ్లీ రెట్ట. పురుగు కనపడకపోయినా సరే, అది ఉన్నట్టే.

ఉంటే ఏం చేయాలి? పశువుల డాక్టర్ని అడిగి మెడ వెనక చుక్కలుగా వేసే మందు వేయించాలి, ఫిప్రోనిల్, సెలమెక్టిన్ లాంటివి పిల్లులకి వాడతారు, బరువుని బట్టి మోతాదు. విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీయే ఉంది, అది దూరమనుకుంటే మండలాల్లో పశువుల ఆసుపత్రులున్నాయి. కుక్కకి తెచ్చిన మందు మిగిలింది కదా అని పిల్లికి వేస్తే మాత్రం ప్రమాదం. కుక్కల ఫ్లీ మందులు కొన్నిట్లో పర్మెత్రిన్ ఉంటుంది, పిల్లి లివర్ దాన్ని విరగ్గొట్టలేదు, వణుకుతూ ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. ఫినాయిల్, డెట్టాల్ నీళ్లతో స్నానం చేయించినా దానికి విషమే, జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క పెట్టినా అంతే. పిల్లికి మందు వేసిన రోజే అది పడుకునే గోనెపట్టా కాల్చేయడమో, గుడ్డలైతే మరిగే నీళ్లలో ఉడకబెట్టడమో చేసి మంచాల కింద, మూలల్లో ఊడవాలి, లేదంటే వారానికి మళ్లీ మొదటికొస్తుంది.

మామూలు మనిషికి తగ్గిపోయే బార్టోనెల్లా కొందరికి వేరే వేషాలు వేస్తుంది. పిల్లిని తడిమిన చేత్తో కన్ను నలుపుకుంటే కన్ను ఎర్రబడి అదే పక్క చెవి ముందు బిళ్ల కడుతుంది. అరుదుగా కంటి వెనక నరం వాచి ఒక కంటికి చూపు మసకబడుతుంది. గుండె కవాటాలు ముందే దెబ్బతిన్నవాళ్లలో అక్కడ గూడు కట్టగలదు, మామూలు బ్లడ్ కల్చర్‌లో ఏమీ దొరకదు. హెచ్ఐవీకి మందులు వాడనివాళ్లలో ఒంటి మీద ఎర్రటి రక్తపు బుడిపెలు లేస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ ‘కొందరు’ అనే మాటకి బరువెక్కువ, ఎందుకంటే ఇక్కడ ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి కనపడదు, పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి రోగనిరోధక శక్తి తక్కువ, పిల్లి కాటుకి చెయ్యి వాచడంతో ఆగకుండా క్రిమి రక్తంలోకి ఎక్కే అవకాశం ఎక్కువ. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా (రక్తం తీసి ఎక్కించడానికి రెండు రక్తనాళాలు కలిపిన చోటు) పెట్టించుకున్నవాళ్లకి ఆ చెయ్యే ప్రాణాధారం, అక్కడ గాటు పడితే చిన్నదా పెద్దదా అని చూడకుండా డయాలసిస్ సెంటర్లో చెప్పాలి. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లకి ఇంకో తమాషా ప్రమాదముంది: ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని పిల్లి ఆటగా కొరికితే పాశ్చురెల్లా నేరుగా పొట్టలోకి పోయి పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి వాపు, వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో బోలెడు నమోదయ్యాయి. అన్నిటికన్నా ఇక్కడ ఎక్కువ జరిగే నష్టం మెడికల్ షాపు నొప్పి మాత్రతోనే. చెయ్యి సలుపుతోందని డైక్లోఫినాక్ రోజుకి రెండు చొప్పున మింగితే చెయ్యి సంగతేమో గానీ మిగిలిన కాస్త కిడ్నీ పాడవుతుంది. యాంటీబయాటిక్ మోతాదు కూడా వీళ్లకి మార్చి రాయాలి.

ఇంకో క్రిమి ఉంది, క్యాప్నోసైటోఫాగా, ఎక్కువగా కుక్కల నుంచి, అప్పుడప్పుడు పిల్లుల నుంచి వస్తుంది. ఆరోగ్యవంతుడిని చాలావరకు ఏమీ చేయదు. ప్లీహం తీసేసినవాళ్లకీ, బాగా తాగి లివర్ చెడినవాళ్లకీ, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు) వల్ల ప్లీహం పనిచేయడం మానేసినవాళ్లకీ ఒకట్రెండు రోజుల్లో ఒళ్లంతా విషం ఎక్కించగలదు. మన్యం ఊళ్లలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలకి ఇది పనికొచ్చే సంగతి.

మిగతావి త్వరగా. పిల్లి మలంలో సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ ఉండొచ్చు, పచ్చిమాంసం తినే, పిట్టల్ని వేటాడే పిల్లుల్లో ఎక్కువ, మనిషికి విరేచనాలు, జ్వరం. చెయ్యి కడుక్కుంటే చాలావరకు తప్పుతుంది. ఫ్లీల వల్ల ఒక రకం టైఫస్ జ్వరం కూడా వస్తుంది, అది ఎక్కువగా ఎలుకల మీది ఫ్లీలతో. ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల మచ్చ పెట్టే స్క్రబ్ టైఫస్ మాత్రం పిల్లిది కాదు, గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్లలది. గర్భిణులు పిల్లి అంటే భయపడే టాక్సోప్లాస్మా బ్యాక్టీరియానే కాదు, పరాన్నజీవి, దాని కథ వేరు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఏదో అయిపోతుందనే భయం ఇంటింటా ఉంది గానీ ఈ జబ్బుల్లో ఒక్కటీ వెంట్రుకతో వచ్చేది కాదు. జనం వెంట్రుక చూసి భయపడతారు, గోరు చూసి నవ్వుతారు.

మళ్లీ ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గరికి వస్తే, ఓపీలో చీటీ రాయించుకుని గంట నిలబడ్డాక డాక్టరు అడిగేవి జ్వరం ఎన్నాళ్ల నుంచి, దగ్గు ఉందా, బరువు తగ్గిందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని. ఇంట్లో పిల్లి ఉందా అని అడిగే తీరిక ఉండకపోవచ్చు, వెనక యాభై మంది ఉంటారు. తల్లి కూడా చెప్పదు, పిల్లికీ చంకలో బిళ్లకీ సంబంధం ఉంటుందని ఆవిడకెలా తెలుస్తుంది? అడక్కపోయినా చెప్పాల్సిన ముక్క ఇంత: ‘నెల కిందట పిల్లిపిల్ల కుడిచెయ్యి రక్కిందండి, అక్కడ పొక్కు లేచి మానిపోయింది, ఇప్పుడు ఆ పక్క చంకలోనే బిళ్ల కట్టింది.’